ఇంటికి కంప్యూటరంటే బల్ల మీద ఉండేదే

ఎండాకాలం సెలవులు సగం దాటాయంటే మా కొండ మీద ప్రతి ఇంట్లోనూ ఒకటే లెక్క. ఫీజులు, పుస్తకాలు, హాస్టల్‌కి ట్రంకుపెట్టె, దుప్పటి. ఆ లెక్కంతా అయ్యాక చివర్లో ఒక ప్రశ్న మిగులుతుంది. "ఈ ఏడాదైనా కంప్యూటర్ కొందామా? కొంటే ఏది?" కాఫీ, మిరియాల డబ్బు చేతికొచ్చిన ఇల్లయినా, మాలాగా నెల జీతం మీద నడిచే ఇల్లయినా ఈ ప్రశ్న తప్పడం లేదు.

సమాధానాలకేం కరువు లేదు. ఇంటర్ పాసైన అబ్బాయి ల్యాప్‌టాప్ అంటాడు. షాపులో కుర్రాడు "ట్యాబ్ తీసుకోండి మేడమ్, చదువుకి అదే బెస్ట్" అంటాడు. మరిది వచ్చి "ఫోన్లో కానిదేముంది వదినా, దండగ ఖర్చు" అని చెప్పి, టీ తాగి వెళ్లిపోతాడు. డెస్క్‌టాప్ అని మనం అన్నామా, అందరూ కలిసి నవ్వుతారు. అదేదో పాతకాలం ఇంటర్నెట్ సెంటర్లో పెట్టె అన్నట్టు.

నవ్వుకోనివ్వండి. నేననేది ఇదీ: ఇంటికి ఒక్క యంత్రమే కొనే స్తోమత ఉంటే అది డెస్క్‌టాపే అయ్యుండాలి. ముందు గదిలో, బల్ల మీద, కుర్చీ వేసుకుని కూర్చుని వాడేది. దాన్ని వెనకేసుకొస్తున్నది అది వేగంగా పనిచేస్తుందనో, చవకనో కాదు. ఏ యంత్రం కొన్నారో చెబితే, ఆ ఇంట్లో ఎవరు నేర్చుకుంటారో ఎవరు నేర్చుకోరో ముందే చెప్పెయ్యొచ్చు. నా గొడవంతా దాని గురించే.

ముందు ల్యాప్‌టాప్ సంగతి చూద్దాం. కొనేది ఇంటి డబ్బుతోనే. చీటీ పాడిన డబ్బో, డ్వాక్రా లోనో, గాజులు కుదువ పెట్టిన డబ్బో కలుస్తుంది. కానీ కొన్న రోజు నుంచీ అది ఇంటిది కాదు, ఒకరిది. ఆ ఒకరు తొంభై పాళ్లు అబ్బాయే. దానికో బ్యాగు, ఆ బ్యాగుకి ఒక భుజం. జూలై ఆగస్టుల్లో వాడు వైజాగో విజయనగరమో వెళ్లి కాలేజీలో చేరతాడు, దానితోపాటు ఇంటి కంప్యూటరూ బస్సెక్కి కిందికి దిగిపోతుంది. ఇంట్లో పదో తరగతి చదివే చెల్లెలు మిగులుతుంది. "అన్నయ్య సంక్రాంతికి తెస్తాడులే, అప్పుడు నేర్చుకుందువు గాని" అంటాం. సంక్రాంతికి వాడొస్తాడు, మూడు రోజులు సినిమాలు చూస్తాడు, వెళ్తాడు. ఆ పిల్లకి ఫోనుంది కదా అని మనం సర్దిచెప్పుకుంటాం. తల్లికి ఏముంది అన్న ప్రశ్నయితే ఎవరికీ రాదు, తల్లికి కూడా రాదు.

ఇది మన ఇళ్ల మాటే కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో జీవితంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు నూటికి 21 మంది. మగవాళ్లు దాదాపు 49 మంది. ఒకే ఇల్లు, ఒకే సిగ్నల్, ఒకే కరెంటు బిల్లు. అయినా సగానికి సగం తేడా ఎక్కడి నుంచి వచ్చింది? యంత్రం ఎవరి జేబులో, ఎవరి బ్యాగులో ఉందో అక్కడి నుంచే వచ్చింది. అంతకుముందు 2017-18లో జరిగిన జాతీయ శాంపుల్ సర్వేలో దేశం మొత్తం మీద పల్లెల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్లు నూటికి నాలుగున్నర కూడా లేవు. ఆ ఉన్న ఇళ్లలో కూడా అది ఒక్కరి సొత్తయితే, మిగతా వాళ్లకి ఉన్నా లేనట్టే.

ఇక ట్యాబ్. దీని గురించి మన జిల్లా వాళ్లకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2021 జనవరిలో అప్పటి ప్రభుత్వం అమ్మ ఒడి డబ్బుకి బదులు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలకి ల్యాప్‌టాప్ తీసుకునే వీలు కల్పిస్తామంది. చివరికి చేతికొచ్చింది ట్యాబ్. 2022 డిసెంబర్‌లో మొదటిసారి, 2023 డిసెంబర్ 21న రెండోసారి ఎనిమిదో తరగతి పిల్లలకి పంచారు. ఆ రెండోసారి పంపిణీ మొదలుపెట్టింది మన చింతపల్లిలోనే. ఒక్క ఆ విడతలోనే రాష్ట్రమంతా కలిపి నాలుగు లక్షలు దాటాయి. అందులో పాఠాలు బైజూస్ వాళ్లవి. 2024 జూలైకల్లా ఆ కంపెనీ దివాలా కోర్టు మెట్లెక్కింది.

ఉచితంగా ఇచ్చిందానికి వంకలు పెట్టడం నా ఉద్దేశం కాదు. నాన్న కొనలేని వస్తువు బడి నుంచి వచ్చినప్పుడు పిల్లల మొహాల్లో వెలుగు నేనూ చూశాను. మన డబ్బు పెట్టి కొనేటప్పుడు మాత్రం దాన్నుంచి పాఠం నేర్చుకోవాలి కదా. ఎనిమిదీ ముప్పావు అంగుళాల తెర మీద పిల్ల ఏం చేస్తుంది? చూస్తుంది. వేలితో పైకి తోస్తుంది. మళ్లీ చూస్తుంది. నాలుగు పేజీల వ్యాసం టైపు చేస్తుందా? అమ్మ సంఘం పుస్తకంలో కూడికలు పట్టీలో వేస్తుందా? ఒక బొమ్మ గీసి, చెరిపి, మళ్లీ గీసి దాస్తుందా? చెయ్యొచ్చు అంటారు. చెయ్యొచ్చు, కానీ ఎవరూ చెయ్యరు, ఎందుకంటే ఆ వస్తువు తయారైంది అందుకు కాదు. ఎవరో చేసి పెట్టింది చూడ్డానికి ట్యాబ్, మనం ఏదైనా చెయ్యడానికి కంప్యూటర్.

పైగా ఈ ముచ్చట కొత్తది కూడా కాదు. 2011 అక్టోబర్‌లో ఆకాశ్ ట్యాబ్ అని ఢిల్లీలో ఎంతో హడావుడిగా విడుదల చేశారు. అవి కూర్చింది మన హైదరాబాద్‌లోనే. ప్రపంచంలోకెల్లా చవక అని పేపర్లన్నీ రాశాయి. దేశంలో పేద పిల్లలందరి చదువూ మారిపోతుందన్నారు. ఆ ట్యాబ్ ఇప్పుడు మీకు ఎవరింట్లోనైనా కనపడుతోందా? చవక తెర ఇచ్చేస్తే చదువొచ్చేస్తుందన్న మాట పదేళ్లకోసారి కొత్త పేరుతో తిరిగొస్తూనే ఉంటుంది.

"చదువుకి అదే బెస్ట్" అనేవాళ్లని ఒక్కటే అడగాలని ఉంది. పరీక్ష దేని మీద రాయిస్తున్నారు? ఎంసెట్ 2017 నుంచీ కంప్యూటర్ మీదే. ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్ అయింది, పద్ధతి అదే. జేఈఈ మెయిన్ 2019 నుంచీ కంప్యూటర్ మీదే. 2025 జూన్‌లో మొదలైన మెగా డీఎస్సీ, 16,347 టీచర్ పోస్టులకి, అదీ కంప్యూటర్ మీదే. ఎదురుగా పెద్ద తెర, కింద మౌసు, మూలన తగ్గిపోతూ కనిపించే టైము. పొద్దున్నే చలిలో లేచి బస్సో రైలో పట్టుకుని కిందికి దిగి, అలవాటు లేని ఉక్కపోతలో సెంటర్ వెతుక్కుని, జీవితంలో మొదటిసారి మౌసు పట్టుకున్న పిల్ల, చిన్నప్పటి నుంచీ ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్ల పక్కన కూర్చుని పోటీ పడాలి. చదువు ఇద్దరికీ సమానంగానే వచ్చినా, చెయ్యి ఒక్కరికే తిరుగుతుంది.

డీఎస్సీ సంగతి మన ఏజెన్సీ ఆడపిల్లలకి ఇంకా దగ్గరిది. 2000 జనవరి నాటి జీవో 3 ఉన్నన్నాళ్లూ షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. ఆ తీర్పు మీద నాకూ బాధ ఉంది, మాట్లాడేవాళ్లు మాట్లాడుతున్నారు, మాట్లాడాలి కూడా. ఈలోగా మన పిల్ల పరీక్ష రాయక తప్పదు. టీచరమ్మ కావాలనుకునే పిల్ల ఉన్న ఇంట్లో, ముప్పై వేలు పెట్టి తెర మాత్రమే ఉన్న వస్తువు కొని "చదువు కోసమే" అంటే నాకు కోపం రాదూ?

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వద్దాం. "అరకులో డెస్క్‌టాపేంటమ్మా, కరెంటు ఉంటేగా!" ఇది నిజం లేని మాట కాదు. వానాకాలంలో ఉరిమిందంటే మా లైను పోతుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి చీకట్లో ఉన్నవాళ్లం. బ్యాటరీ ఉంటుంది కాబట్టి ల్యాప్‌టాపే నయమన్న మాటలో న్యాయం ఉంది. కాకపోతే లెక్క వేసి మాట్లాడాలి. ఇప్పుడొచ్చే చిన్న డెస్క్‌టాప్, దాని తెర కలిపి మామూలు పనులకి 60 వాట్ల లోపే తింటాయి. అంటే పాత గుండ్రటి బల్బు ఒకటి వెలిగినట్టు. మన వైపు చాలా ఇళ్లలో లైట్లకీ ఫ్యానుకీ అని ఇన్వర్టర్ పెట్టుకున్నారు కదా, దానికుండే 150 యాంపియర్ల బ్యాటరీలో లెక్క ప్రకారం 1,800 వాట్ గంటల కరెంటు ఉంటుంది. బ్యాటరీ పాతబడి సగమే నిలుస్తోందనుకున్నా, ఈ కంప్యూటర్ ఒక్కటే నడిస్తే పదిహేను గంటలు నడుస్తుంది. ఇన్వర్టర్ లేని ఇంట్లో చిన్న యూపీఎస్ పెట్టుకుంటే, చేస్తున్న పని దాచుకుని ఆపేసే టైమైనా దొరుకుతుంది. మబ్బు పట్టి ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకెయ్యండి. టీవీకి పీకుతున్నాం కదా, అలాగే. మూణ్ణెల్ల వానల్లో తేమ పట్టకుండా రోజూ కాసేపైనా ఆన్ చెయ్యండి, గోడకి ఆనించి పెట్టకండి.

"సిగ్నల్ లేదు కదా" అనేది రెండో అభ్యంతరం. ఇది డెస్క్‌టాప్‌కి వ్యతిరేకం కాదు, నన్నడిగితే అనుకూలం. 2023 జూన్‌లో ఒక్కరోజే వంద 4జీ టవర్లు ప్రారంభించారు, అందులో 85 మన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనే. అయినా కొండ మలుపు తిరిగితే ఫోను మూగబోయే ఊళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి చోట నెట్ ఉంటేనే బతికే వస్తువు ఎందుకు? క్రోమ్‌బుక్‌లకి కీబోర్డ్ ఉన్నా నేను అందుకే వద్దంటాను. డెస్క్‌టాప్‌కి పెద్ద కడుపు. సిగ్నల్ ఉన్నచోట ఫోన్లోకి దింపుకున్న పాఠాలు, పాత ప్రశ్నపత్రాలు, పుస్తకాలు ఒక్క కేబుల్‌తో దాన్లో వేసేస్తే ఏడాదంతా నెట్ లేకుండా చదువుకోవచ్చు. నెట్ కావాల్సినప్పుడు ఫోన్‌నే ఆ కేబుల్‌తో కలిపితే సరి.

మూడోది ఎవరూ ముందుగా ఆలోచించనిది, రిపేరు. ట్యాబ్ తెర పగిలితే దాని కథ ముగిసినట్టే. పలచటి ల్యాప్‌టాప్ కీబోర్డ్ మీద టీ ఒలికిందంటే వేలల్లో మాట, వైజాగ్ ప్రయాణం, వారం రోజులు ఎదురుచూపు. డెస్క్‌టాప్‌కి కీబోర్డ్ పోతే కొన్ని వందలు, మౌసు పోతే ఇంకా తక్కువ, మనమే తీసి మనమే గుచ్చుకోవచ్చు. లోపల పవర్ సప్లై పోయినా ఆ ఒక్కటే మారుస్తారు. నాలుగేళ్లకి నెమ్మదించిందనుకోండి, ర్యామ్ ఇంకొకటి వేయిస్తే మళ్లీ లేచి నడుస్తుంది. మన ఇళ్లలో గ్రైండర్, కుట్టుమిషను ఎలా వాడతామో అలా వాడదగ్గ వస్తువు. పాతబడిందని పారెయ్యం, బాగుచేయించుకుంటాం.

కొనేటప్పుడు కొత్తదే కావాలని పట్టుపట్టకండి. పెద్ద ఆఫీసులు మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన డెస్క్‌టాపులు వైజాగ్‌లో గ్యారంటీ ఇచ్చి అమ్ముతారు. తెరతో కలిపి ఒక మాదిరి ఫోను ధరలో వస్తాయి. కానీ ఒక్కటి గట్టిగా అడగండి: "ఇంటెల్ ఎనిమిదో జనరేషనా, ఆ పైదా?" అంతకన్నా పాతదైతే విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో చేతులు కడిగేసుకుంది. షాపువాడు "ఏం కాదమ్మా" అంటాడు. అంటే వదిలెయ్యండి, పక్క షాపుకెళ్లండి. పాత యంత్రం ఎవరైనా ఉచితంగా ఇస్తే మాత్రం వద్దనకండి, దాన్లో లైనెక్స్ వేయించండి. కేరళలో ప్రభుత్వ బడుల పిల్లలు ఏళ్ల తరబడి దాని మీదే నేర్చుకుంటున్నారు. లిబ్రెఆఫీస్ అనే రాతకోతల సాఫ్ట్‌వేర్ డబ్బు కట్టకుండానే వస్తుంది, తెలుగూ చక్కగా రాస్తుంది. యాపిల్ కంప్యూటర్ గురించి రాయమని అడిగారు ఒకరు. ఆ డబ్బుంటే ముందు పిల్ల పేరున బ్యాంకులో వెయ్యండి.

ఇంకో మాట కూడా వింటుంటాను. "ముందు గదిలో పెడితే పిల్లలు ఏం చూస్తున్నారో కనిపెట్టచ్చు." నేను ముందు గదిలో పెట్టమంటోంది అందుకు కాదు. ఆడపిల్ల కూర్చున్నప్పుడు మాత్రమే వెనకాల నిలబడి తొంగిచూసే నాన్నలు, అన్నలు ఉన్న ఇళ్లలో అదొక కొత్త కాపలా అవుతుంది. ముందు గదిలో ఎందుకంటే, అక్కడ ఎవరైనా కూర్చోవచ్చు. పడగ్గదిలో తలుపు వెనకున్న యంత్రం దగ్గరికి నానమ్మ వెళ్లదు, అమ్మ వెళ్లదు, పక్కింటి పిల్ల అసలే వెళ్లదు. ముందు గదిలో ఉంటే పప్పు కుక్కర్ మూడో విజిల్ వచ్చేలోపు నేను వెళ్లి ఒక పేరా టైపు చేసుకుంటాను. పిల్ల కూర్చున్నప్పుడు ఎవరూ వెనక నిలబడకూడదన్నది కూడా ఇంటి నియమమే కావాలి, అబ్బాయికి ఇచ్చే మర్యాద అమ్మాయికీ ఇవ్వాలి.

అమ్మకెందుకు కంప్యూటర్ అంటారా? ఎందుకో నేను చెప్తాను. సంఘం అప్పులు, వాయిదాలు ఎవరివెంతో తప్పుల్లేకుండా చూసుకోవడానికి. ఎన్ని కిలోల కాఫీ పండు అమ్మాం, ఏ రోజు ఏ ధర, ఎంత చేతికొచ్చింది, ఎంత బాకీ ఉందో మనమే రాసిపెట్టుకోవడానికి. పట్టా కాగితం, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు ఒకచోట దాచుకోవడానికి. ఒక దరఖాస్తు రాయాలంటే ఎవరి దగ్గరా నిలబడకుండా ఉండడానికి. ఇంట్లో ఒక గది పర్యాటకులకి ఇస్తున్న అక్కలు మన అరకులో ఎంతమంది లేరు? బుకింగులు మరిది ఫోన్లో వస్తాయి, పక్కలు ఉతికేది మాత్రం అక్క. ఆ లెక్క అక్క చేతిలోకి రావాలంటే అక్క కూర్చునే కుర్చీ ఒకటి కావాలి. పెద్దావిడ కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో చెప్పే కథ మనవరాలు తెలుగు అక్షరాల్లో టైపు చేసి దాచుకుంటే అదీ ఆ ఇంటి ఆస్తే.

ల్యాప్‌టాప్ కొనక తప్పని ఇళ్లు ఉన్నాయి, కాదనను. రెండేళ్లకోసారి ట్రాన్స్‌ఫర్లయ్యే ఉద్యోగస్తులకి, ఒకే గదిలో బల్ల వేసే చోటు కూడా లేనివాళ్లకి, కరెంటు రోజులో నాలుగు గంటలే ఉండి ఇన్వర్టర్ కూడా నిండని గూడేలకి అదే దారి. అప్పుడు కూడా అది అబ్బాయి బ్యాగులోది కాదని కొన్న రోజే చెప్పండి. వాడికి కాలేజీలో ల్యాబ్ ఉంటుంది, స్నేహితులుంటారు, రేపు స్కాలర్‌షిప్పో ఉద్యోగమో వస్తే వాడే కొనుక్కుంటాడు. ఇంట్లో ఉన్న చెల్లెలికి అవేమీ లేవు. లేనివాళ్ల దగ్గర ఉండాలి ఇంటి వస్తువు.

కాబట్టి అక్కలూ చెల్లెళ్లూ, ఈ జూన్‌లో మీ ఇంట్లో ఈ చర్చ వచ్చినప్పుడు వంటింట్లోంచే "మీ ఇష్టం" అనెయ్యకండి. చెయ్యి తుడుచుకుని వచ్చి కూర్చోండి. మూడే ప్రశ్నలు అడగండి. అబ్బాయి హాస్టల్‌కి వెళ్లాక ఇది ఎక్కడుంటుంది? పాడైతే మన ఊళ్లోనే బాగవుతుందా? రోజులో నా గంట ఏది? మూడోదానికి జవాబు వచ్చేదాకా డబ్బు బయటికి తియ్యకండి. కొన్నాక ఆ బల్ల పక్క గోడ మీద ఇంట్లో అందరి పేర్లూ, ఎదురుగా టైమూ రాసిన కాగితం అంటించండి. మొదటి పేరు మీది రాయండి.